టెవిటా చెప్పిన మాట

పామర్‌స్టన్ నార్త్,
ఏప్రిల్ 14

అనంతక్కకి,

వారానికి మూడుసార్లు ఫోనులో మాట్లాడే చెల్లెలి దగ్గర్నుంచి కవరు వచ్చిందేమిటని కంగారు పడతావు. న్యూ లిన్‌లో మీ అపార్టుమెంటు కింద డబ్బాలో సూపర్‌మార్కెట్ కాగితాలు తప్ప ఏమీ రావని నువ్వే అంటుంటావు కదా. ఫోనులో చెప్పలేకనే రాస్తున్నాను. మాది చిన్న ఇల్లు, కమలేశ్ ఎప్పుడూ పక్క గదిలోనే ఉంటాడు. ఫిజీలో చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర విన్న తెలుగూ, ఈ ఇరవై నాలుగేళ్ళూ నా దగ్గర విన్న తెలుగూ కలిసి మనం మాట్లాడుకునేదంతా తనకి అర్థమైపోతోంది. చదవడం మాత్రం రాదు. ఈ ఇంట్లో నాకు చాటంటూ మిగిలింది ఈ అక్షరాలే.

అక్కా, కమలేశ్‌కి మతిమరుపు వస్తోంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టాననే రకం కాదు. తను ఇళ్ళలో గడ్డి కోసే పని చేస్తున్నాడని నీకు తెలుసు. ఫిబ్రవరిలో ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "నిన్న కోసిన గడ్డినే మీ ఆయన ఇవాళ మళ్ళీ కోస్తున్నాడమ్మా. నేనేమీ అనలేదు, కాఫీ ఇచ్చాను" అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. మార్చిలో క్రితిక పుట్టినరోజుకి ఆల్బనీలో దాని కాలేజీ హాస్టల్‌కి వెళ్ళి వచ్చాక, రెండు రోజులకి, "పిల్ల పుట్టినరోజు దగ్గరికొస్తోంది, వెళ్దామా?" అన్నాడు. అప్పుడు నవ్వలేకపోయాను.

నిన్న సీజన్‌లో మొదటి ఆట. నీకు రగ్బీ తెలియదు, తెలియకపోయినా ఫరవాలేదు. పదిహేనేసి మంది కోడిగుడ్డు ఆకారం బంతి కోసం ఒకరినొకరు పట్టి పడేసుకుంటారు, అంతవరకు చాలు. ఈ ఊళ్ళో చలికాలమంతా శనివారం మధ్యాహ్నాలు అదే పని. క్లబ్బుల్లో అన్నిటికంటే పై వరసని ప్రీమియర్ గ్రేడ్ అంటారు. మిల్‌రోడ్ క్లబ్ ప్రీమియర్ టీముకి కమలేశ్ కోచ్ అయి ఇది నాలుగో ఏడు. పదిహేడేళ్ళ వయసులో, ఫిజీలో గొడవల తర్వాత వాళ్ళ కుటుంబం ఇక్కడికొచ్చినప్పుడు, ఇండియన్ వాడికి రగ్బీ ఏమిటని నవ్విన ఊళ్ళో తనకి జెర్సీ ఇచ్చింది ఆ క్లబ్బే. పదకొండేళ్ళు ఆడాడు. ఆ రోజుల్లో తలకి దెబ్బ తగిలి పడిపోతే మొహాన తడి స్పాంజి పిండి, ఎన్ని వేళ్ళు చూపిస్తున్నామో చెప్పమని, మళ్ళీ లోపలికి పంపేవాళ్ళట. "ఎప్పుడూ రెండే చూపించేవాళ్ళు. నేనూ రెండనే చెప్పేవాణ్ణి" అని నవ్వుతూ చెప్పేవాడు. నేనూ నవ్వేదాన్ని.

నిన్న సగం ఆటయ్యాక ఆటగాళ్ళంతా చుట్టూ నిలబడితే కమలేశ్ కెప్టెన్ భుజం మీద చెయ్యి వేసి వేరే పేరు పెట్టి పిలిచాడు. ముప్పయ్యేళ్ళ కిందట తనతో ఆడిన మనిషి పేరది. ఆ మనిషి పోయి ఆరేళ్ళయింది. కుర్రాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేనేజర్ చంద్ర అన్న నవ్వేసి మాట మార్చాడు. ఆయన కమలేశ్‌తో ఫిజీలో ఒకే బడిలో చదివినవాడు, పాత రోజులు తలచుకున్నాడనుకున్నాడు.

ఇంటికొస్తూ నది వంతెన దాటాక కమలేశ్ కారు పక్కకి ఆపాడు.

"నాకు తెలుసు నిరూ. నీకు తెలుసని కూడా తెలుసు" అన్నాడు.

"డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"వెళ్దాం. ఈ సీజన్ అయ్యాక. ఏప్రిల్ నుంచి జూలై, నాలుగు నెలలు. ఈ టీముని నేను తయారు చేసుకున్నాను. ఇప్పుడు చెబితే సోమవారానికల్లా వేరేవాణ్ణి పెడతారు. ఈ ఒక్క సీజన్ నన్ను నిలబెట్టు."

ఎన్నడూ నన్ను ఏదీ అడగని మనిషి. సరేనన్నాను. దారిలోనే కొత్త నోటుపుస్తకం కొన్నాను. ఇకనుంచి ట్రైనింగ్‌కి నేనూ వెళ్తాను, కారు నేను నడుపుతాను. వచ్చేటప్పుడు ఆ రోజు జరిగిందంతా తను చెబుతాడు, నేను తెలుగులో గబగబా రాసుకుంటాను. పొద్దున్నే చదివి వినిపిస్తాను. ఇందులో తప్పుంటే నువ్వు చెప్పు. లేదా చెప్పకు.

క్రితికకి తెలియనివ్వకు.

కడుపులో ఉన్నదంతా నీ ముందు పెట్టిన
నీ నిరుపమ

*

పామర్‌స్టన్ నార్త్,
జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం అందింది. "నువ్వు మోయగలవా?" అని ఒక్క వాక్యం రాశావు, దానికి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. మోస్తున్నాను. నీ దగ్గర దాచడమెందుకు, కొంత గర్వంగా కూడా ఉంది.

ఎనిమిది ఆటల్లో ఆరు గెలిచాం. నిరుడు అట్టడుగున ఉన్న టీము ఇప్పుడు మూడో స్థానంలో ఉంది. పదకొండేళ్ళలో ఒక్కసారీ సెమీఫైనల్ చూడని క్లబ్ ఇది. శనివారం పొద్దున టరారువా కొండల మీద గాలిమరలు మబ్బులో కనబడకపోతే ఆ రోజు గ్రౌండు బురదవుతుందని నాక్కూడా తెలిసిపోయింది. కమలేశ్ జేబులో ఒక అట్టముక్క పెడతాను. పేర్లు, నంబర్లు, ఎవరికి మోకాలు నొప్పి, ఎవరి భార్యకి నెలలు నిండాయి. తను దాన్ని చెయ్యి అడ్డం పెట్టి చూసుకుంటాడు. క్లబ్బువాళ్ళ మెసేజీలకి తన ఫోనులో నేనే జవాబులిస్తున్నాను. టీము పేర్లు తను చెబుతుంటే నేను కంప్యూటర్‌లో కొట్టి పంపిస్తాను, చంద్ర అన్న సంతకం పెడతాడు. ఆట మొదలైతే మాత్రం అక్కా, తను పాత కమలేశే. ఎటు పోతే సందు దొరుకుతుందో గాలి వాసన చూసినట్టు చెప్పేస్తాడు. పాతదంతా లోపల భద్రంగానే ఉంది. జారిపోయేది నిన్నా మొన్నటిదే.

మా టీములో టెవిటా అని ఒక కుర్రాడున్నాడు. టోంగా దీవులవాళ్ళు. ఇరవై రెండేళ్ళు, మాంసం ఫ్యాక్టరీలో పని. తండ్రి లేడు. తల్లి లోసే ఒక రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే ఉద్యోగం చేస్తుంది. టెవిటా తలుపుకి అడ్డం నిలబడితే వెలుతురు ఆగిపోతుంది, గొంతు మాత్రం ఆడపిల్ల గొంతులా మెత్తగా ఉంటుంది. నన్ను ఆంటీ అంటాడు. నా పులిహోర మీద టమాటా సాస్ పోసుకుని తింటాడు, నేను చూడలేను. ట్రైనింగ్ అయ్యాక అందరూ వెళ్ళిపోయినా వాడూ కమలేశూ ఇంకో అరగంట ఉంటారు. టాకిల్ చేసేటప్పుడు, అంటే అవతలివాణ్ణి పట్టి పడేసేటప్పుడు, తల ఎటు పెట్టాలో తను వాడికి నేర్పుతుంటాడు. "వీడు రెండేళ్ళలో దేశానికి ఆడతాడు" అంటాడు. ఆ మాట ప్రతి వారం కొత్తగా చెబుతాడు, నేను ప్రతి వారం కొత్తగా వింటాను.

ఒకటి చెప్పాలి. మెమరీ క్లినిక్‌లో మే నెలాఖరుకి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. నేనే ఆగస్టుకి జరిపించాను. ఆసుపత్రి ల్యాబ్‌లో పదహారేళ్ళుగా పనిచేస్తున్నదాన్ని, రక్తం గొట్టం మీద ఒక్క పేరు తారుమారైతే ఏమవుతుందో తెలిసినదాన్ని. అయినా జరిపించాను. శనివారం ఆట గెలిచాక తను నవ్విన నవ్వు చూస్తే నువ్వూ అదే చేసేదానివి.

ఈసారి కోప్పడుతూ అయినా నాలుగు లైన్లు రాయి.

నిరుపమ

*

పామర్‌స్టన్ నార్త్,
ఆగస్టు 3

అక్కా,

మూడు వారాల నుంచి నీ ఫోన్లు ఎత్తడం లేదు. ఎత్తితే గొంతు విని నువ్వు పట్టేస్తావు. ఇది చదివాక నన్ను ఏమనుకున్నా ఫరవాలేదు, ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు తిండి దిగడం లేదు.

జూలై తొమ్మిది మంగళవారం. సెమీఫైనల్‌కి నాలుగు రోజులుంది. ఆ సాయంత్రం వాన. ట్రైనింగ్ అయ్యాక అందరూ వెళ్ళిపోయారు, ఎప్పటిలాగే కమలేశూ టెవిటా ఉండిపోయారు. నేను కారులో కూర్చున్నాను, అద్దాలకి ఆవిరి పట్టి ఏమీ కనబడలేదు. వచ్చి కూర్చున్నాక తను చెప్పాడు, నేను రాసుకున్నాను. పుస్తకంలో నా చేత్తో ఇలా ఉంది: "టెవిటా జారి గోల్ స్తంభానికి తల కొట్టుకున్నాడు. లేచి రెండుసార్లు తూలాడు. మూడు వారాలు ఆడకూడదని కమలేశ్ వాడికి చెప్పాడు. వాడు ఏడ్చాడు."

బుధవారం నాకు పొద్దున్నే డ్యూటీ, చదివి వినిపించలేదు. గురువారం సాయంత్రం వంటగదిలో టీము పేర్లు చెబుతున్నాడు, నేను కొడుతున్నాను. ఆరో నంబరు దగ్గర, "టెవిటా" అన్నాడు. నా వేళ్ళు ఆగిపోయాయి.

"టెవిటా తలకి దెబ్బ తగిలింది కదా?" అన్నాను.

"ఏ దెబ్బ?"

"మంగళవారం. నువ్వే చెప్పావు."

తను నావైపు చూశాడు. ఆ చూపు ఎలా చెప్పను అక్కా. ఇంట్లో అలవాటైన మెట్టు చీకట్లో కాలికి తగలకపోతే మనిషి ఎలా అయిపోతాడో అలా ఉంది. తర్వాత కోపం వచ్చింది. "నా టీము నాకు తెలియదా నిరూ?" అన్నాడు. పుస్తకం పక్క గదిలో నా సంచిలోనే ఉంది. తెచ్చి చూపిస్తే సరిపోయేది. చూపిస్తే తను అక్కడే కూలబడతాడు, చంద్ర అన్నకి ఫోన్ చేస్తాడు, ఇంకొక్క మెట్టుందనగా అంతా అయిపోతుంది. మర్నాడు మెల్లగా చెబుదామనుకున్నాను. పేరు కొట్టాను. మర్నాడు చెప్పలేదు.

శనివారం ఆటకి అరగంట ముందు నేను గ్రౌండు పక్కన నీళ్ళ సీసాలు సర్దుతుంటే టెవిటా వచ్చాడు. బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగి, మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"ఆంటీ, కోచ్ నన్ను నిజంగా ఆడమన్నారా? మూడు వారాలు వద్దన్నారు కదా."

కమలేశ్‌ని అడిగితే ఆలోచన మార్చుకుంటాడేమోనని నా దగ్గరికి వచ్చాడు. వాడు మనసులో ఏ జవాబు కోరుకుంటున్నాడో మొహంలోనే ఉంది. నేను ఒక్క మాట "ఆగు" అంటే ఆగిపోయేవాడు.

"అవును" అన్నాను.

కోచ్ బాగా ఆలోచించే తీసుకున్నాడనుకుని వాడు పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండో సగం మొదలైన పది నిమిషాలకి వాడొకణ్ణి పట్టి పడేశాడు. అదేమంత పెద్ద దెబ్బ కాదు. లేచాడు, చెయ్యెత్తి ఎవరికో ఏదో చెప్పబోయాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, పక్కకి ఒరిగిపోయాడు. ఆట ఆపారు. హెలికాప్టర్ పక్క మైదానంలోనే దిగింది. వెల్లింగ్టన్ తీసుకెళ్ళి తలకి ఆపరేషన్ చేశారు. ఇక్కడ ఆట మళ్ళీ మొదలైంది, మేం రెండు పాయింట్లతో గెలిచాం. గెలిచినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. తర్వాతి శనివారం ఫైనల్‌లో చిత్తుగా ఓడిపోయాం. దాని గురించి ఎవరికీ పట్టింపు లేదు.

తొమ్మిది రోజులకి టెవిటా కళ్ళు తెరిచాడు. కుడి చెయ్యి పనిచేయడం లేదు, మాట చాలా నెమ్మదిగా వస్తోంది. వచ్చిన మాటల్లో వాడు చెప్పింది ఇది: మంగళవారం దెబ్బ కోచ్ ముందే తగిలింది, ఆడొద్దన్నది కోచే, మళ్ళీ టీములో తీసుకున్నదీ కోచే.

నిన్న క్లబ్ కమిటీ అందరినీ పిలిచి అడిగింది. కమలేశ్ లేచి, "వాడికి అంతకుముందు దెబ్బ తగిలిందని నాకు తెలియదు. తెలిస్తే ఆడనిస్తానా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. అబద్ధమాడుతున్నవాడిలా లేడు, అబద్ధమాడటం లేదు కనుక. అందరూ నమ్మారు. "సెమీఫైనల్ ఆడాలని దాచిపెట్టి ఉంటాడు, మనమూ ఆ వయసులో దాచినవాళ్ళమే" అన్నాడొకాయన. చంద్ర అన్న తలదించుకుని, "మాతో ఒక్క మాట చెప్పలేదు" అన్నాడు. గాయం దాచిపెట్టాడనే రాసుకున్నారు.

లోసే రెస్ట్‌హోమ్ యూనిఫారంలోనే వచ్చింది. వెనక వరసలో కూర్చుంది. అంతా అయ్యాక నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేనే ఎందుకో తెలియదు. ఆడదాన్ననేమో.

"నా కొడుకు అబద్ధం చెప్పడు. ఆ మంగళవారం మీరు అక్కడున్నారు కదా?" అంది.

"నేను కారులో ఉన్నాను. వాన, ఏమీ కనబడలేదు" అన్నాను. అదీ నిజమే.

నేను చెప్పను అక్కా. నిర్ణయించుకున్నాను. చెబితే టెవిటా చెయ్యి తిరిగి రాదు. కమలేశ్ మాత్రం పోతాడు, మిగిలింది కూడా పోతుంది. పన్నెండో తేదీన క్లినిక్ ఉంది. పదిహేడున సీజన్ ముగింపు సభ, కమలేశ్‌కి సన్మానం చేస్తారట. అది అయిపోతే ఈ ఊరు వదిలి మీ దగ్గరికొచ్చేద్దామని ఉంది. ఇది చదివి చింపెయ్యి.

నిరుపమ

*

న్యూ లిన్,
ఆగస్టు 8

నిరూ,

నీ ఉత్తరం చింపలేదు. రెండుసార్లు చదివి బీరువాలో పెట్టాను. నీకు ఓదార్పు మాట రాద్దామని మూడు కాగితాలు పాడు చేశాను, రాలేదు.

మరిది మరిచిపోయాడు. అది జబ్బు, దానికి ఆయన్ని ఎవరూ ఏమీ అనలేరు. నువ్వు మరిచిపోలేదు. ఆ కుర్రాడు మంచంలో పడి, రాని నోటితో నిజం చెబితే అబద్ధాలకోరంటున్నారు. వాడి చెయ్యి నువ్వు తేలేవు, నిజమే. వాడి మాట తేగలవు. అది నీ సంచిలో ఉంది, నీ దస్తూరీలో ఉంది, ఆ ఊళ్ళో నీకు తప్ప ఎవరికీ చదవడం రాదు.

నువ్వు ఏప్రిల్‌లో తప్పుంటే చెప్పమన్నావు. నేను చెప్పలేదు. "మోయగలవా?" అని ముద్దుగా అడిగి ఊరుకున్నాను. అందులో నా వంతు నాకుంది, దాన్ని నీ మీద వెయ్యను.

నేను ఎవరికీ ఫోన్ చెయ్యను. చెప్పాల్సిందానివి నువ్వు. ముందు మరిదికి చెప్పు. ఆయనకి తెలియకుండా ఆయన్ని కాపాడటం ఇకనైనా మానుకో. మా ఇంటికి రావాలంటే రండి, గది ఉంది. పారిపోయి మాత్రం రావద్దు.

అక్క

*

పామర్‌స్టన్ నార్త్,
సెప్టెంబర్ 22

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజంతా నీ మీద కోపంతోనే ఉన్నాను. మర్నాడు పొద్దున టీ తాగుతుంటే పుస్తకం తెచ్చి కమలేశ్ ముందు కూర్చున్నాను. మంగళవారం రాసినది చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. మూడోసారి పుస్తకం తన చేతిలోకి తీసుకుని, చదవలేని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు.

"టెవిటా అబద్ధం చెప్పలేదన్నమాట."

"లేదు."

"నేను మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోయావు. నేను మర్చిపోలేదు. గుర్తుండే పేరు కొట్టాను."

ఇరవై నాలుగేళ్ళలో తను నావైపు అలా చూడటం అదే మొదలు. కొత్తవాళ్ళని చూసినట్టు చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి బూట్లు వేసుకుని, "కారు తాళాలెక్కడ?" అన్నాడు.

లోసే ఇంటికి వెళ్ళాం. గుమ్మంలోనే నిలబెట్టింది. కమలేశ్ అంతా చెప్పాడు, తన జబ్బు కూడా. "మీ అబ్బాయి చెప్పిందే నిజం. తప్పు నాది. క్షమించమని అడిగే హక్కు లేదు, చెప్పడానికి వచ్చాను" అన్నాడు. ఆమె తలుపు పట్టుకుని చివరిదాకా విన్నది. "నాకెందుకు చెబుతున్నారు? నా కొడుకుని అబద్ధాలకోరన్నవాళ్ళకి చెప్పండి" అని తలుపు వేసుకుంది.

తిరిగొస్తుంటే కారులో కమలేశ్ అన్నాడు: "ఇది కూడా మర్చిపోతానేమో నిరూ. మర్చిపోతే మళ్ళీ చెప్పు. నా మొహం చూసి జాలిపడి ఊరుకోకు." మాట ఇచ్చాను.

పన్నెండున క్లినిక్‌కి వెళ్ళాం. పరీక్షలు చేశారు. పాత దెబ్బల వల్ల కావచ్చు, కచ్చితంగా చెప్పలేమన్నారు. తగ్గేది కాదని మాత్రం కచ్చితంగానే చెప్పారు.

పదిహేడు సాయంత్రం సన్మానసభలో, క్లబ్ హాలు నిండా జనం ఉండగా, ఇచ్చిన జ్ఞాపికని బల్ల మీద పెట్టేసి అక్కడ కూడా చెప్పాడు. కాగితం చూసుకుంటూ, నా పేరు దాచకుండా చెప్పాడు. దాచొద్దని నేనే అన్నాను. వంటగదిలో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది. వారం తర్వాత కమిటీ టెవిటాకి క్షమాపణ రాసింది, నోటీసు బోర్డు మీద కూడా పెట్టింది. చంద్ర అన్న కమలేశ్‌ని కౌగిలించుకున్నాడు. నాతో మాట్లాడటం లేదు. ఆయన భార్య పద్మ షాపులో కనబడి పక్క వరసలోకి వెళ్ళిపోయింది. వాళ్ళ తప్పేం లేదు. విషయం విని క్రితిక నాలుగు రోజులు ఫోన్ చెయ్యలేదు. తర్వాత చేసి, నాన్న గురించే అడిగింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. సెప్టెంబర్ మొదటి వారంలో ఒక పొద్దున కమలేశ్ బ్రెడ్డుకి వెన్న రాస్తూ, "టెవిటా ట్రైనింగ్‌కి వస్తున్నాడా? ఈమధ్య కనబడటం లేదు" అన్నాడు.

నా చేతిలో గ్లాసు సింకులో పెట్టేశాను. ఊరుకోవచ్చు. "ఊరెళ్ళాడు" అంటే సరిపోతుంది, సాయంత్రానికి అదీ మర్చిపోతాడు. మాట ఇచ్చాను కదా, చెప్పాను. తనకి అంతా కొత్త. అదే వేలు, అవే అక్షరాలు, అదే మొహం. లేచి బూట్లు వేసుకుని తాళాలడిగాడు.

లోసే తలుపు తీసి, "మళ్ళీ ఎందుకొచ్చారు?" అంది. కమలేశ్ అవే మాటలు, ఇంచుమించు అదే వరసలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె అతని భుజం మీదుగా నావైపు చూసింది. ఆమెకి అర్థమైంది. రోజూ అలాంటి వాళ్ళ మధ్య పనిచేసే మనిషి కదా. ఈసారి తలుపు వెయ్యకుండా అతను చెప్పేదంతా విని, "సరే, విన్నాను" అంది.

ఆరు రోజులకి మళ్ళీ. ఆ తర్వాత నాలుగు రోజులకి మళ్ళీ. చెప్పింది గుర్తుండదు. ఏదో తప్పు జరిగిందన్న బాధ మాత్రం ఎక్కడో ఉండిపోతుంది, అది పైకి తేలినప్పుడల్లా టెవిటా గురించి అడుగుతాడు. నాలుగోసారి లోసే లోపలికి రమ్మంది. టెవిటా కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు, జుట్టు తీసేసిన చోట పొడవాటి కుట్లు. ఎడంచేత్తో బట్టలకి పెట్టే క్లిప్పులు ఒక్కొక్కటి ఒక గిన్నె అంచుకి పెడుతున్నాడు. కమలేశ్ వాడి కాళ్ళ దగ్గర కింద కూర్చుని మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు. వాడు కమలేశ్ తల మీద చెయ్యి పెట్టాడు, పనిచేసే చెయ్యి. లోసే కమలేశ్‌ని కూరగాయల మడి చూపిస్తానని పెరట్లోకి తీసుకెళ్ళింది.

గదిలో ఇద్దరమే మిగిలాం. టెవిటా ఇంకో క్లిప్పు తీసుకున్నాడు. ఒక్కో మాటకి ఊపిరి తీసుకుంటూ అన్నాడు:

"ఆంటీ. కోచ్... ప్రతిసారీ వచ్చి చెబుతున్నారు. మీరు... ఒక్కసారీ చెప్పలేదు."

నిజమే అక్కా. నాలుగుసార్లు ఆ ఇంటికి వెళ్ళాను, నాలుగుసార్లూ తన వెనక నిలబడ్డాను. పేరు కొట్టానని అందరికీ తెలుసు. గ్రౌండు పక్కన వాడు అడిగింది, నేను "అవును" అన్నది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కమలేశ్‌కి కూడా. అది వాడొక్కడికే తెలుసు, ఇన్నాళ్ళూ వాడూ ఎవరితోనూ అనలేదు. తను మర్చిపోయి మళ్ళీ మళ్ళీ క్షమాపణ చెబుతుంటే నాదీ అందులోనే చెల్లిపోతోందని లోలోపల అనుకున్నట్టున్నాను.

ఆలోగా వాళ్ళు పెరట్లోంచి వచ్చేశారు, ఇంటికొచ్చేశాం.

ఈ పొద్దున ఒక్కదాన్నే వెళ్ళాను. లోసే కూడా ఉండగా చెప్పాను. వాడు అడిగిన మాట, నేనన్న మాట. లేసులు కట్టుకోకుండానే వాడు వంగి లేవడం చూశానని, కళ్ళు తిరుగుతున్నాయా అని అడగాలని తోచినా అడగలేదని కూడా చెప్పాను. లోసే లేచి వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వచ్చింది. టెవిటా కదలకుండా విన్నాడు. వాడి బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు, నేను తుడవలేదు. ఫరవాలేదని వాడు అనలేదు. అంటాడని నేనూ వెళ్ళలేదు.

లేవబోతుంటే కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. చాలాసేపు మాట కూడగట్టుకున్నాడు.

"అమ్మకి... మంగళవారాలు... సెలవు దొరకదు. ఫిజియో... పదింటికి."

వంటగదిలో కుళాయి ఆగింది. లోసే తలుపు తీసి అక్కడే నిలబడింది. నావైపు చూడలేదు, వద్దని కూడా అనలేదు.

తొమ్మిదిన్నరకి వస్తానన్నాను. ఎల్లుండే మంగళవారం. ల్యాబ్‌లో డ్యూటీ మార్చమని ఇప్పుడే అడిగి వచ్చి నీకు రాస్తున్నాను. కమలేశ్ మధ్యాహ్నం కునుకు నుంచి లేస్తున్నట్టున్నాడు, ఉంటాను.

నీ చెల్లెలు
నిరుపమ